బొంబాయి గిరణీవాడలు: మనవారి నివాసచరిత్ర

ఒక కులముయొక్క చరిత్రను వ్రాయబూనువారు సామాన్యముగా దాని పుట్టుపూర్వోత్తరములను, గోత్రములను, పెద్దల ఘనకార్యములను, దానధర్మములను వర్ణింతురు. ఆ కులమువారు ఎచ్చట తలదాచుకొనిరి, ఆ గదికి ఎంత యద్దె చెల్లించిరి, ఆ యింటినుండి ఎప్పుడు, ఏ కారణమున వెడలిపోయిరి అను సంగతులను వ్రాసినవారు అరుదు. అయినను పొట్టచేత బట్టుకొని పరదేశము చేరిన జనులకు ఇంటి చరిత్రకంటె నిజమైన చరిత్ర మఱియొకటి లేదు. పని దొరకినచోట మనుజుడు బ్రదుకును. ఇల్లు దొరకినచోట వంశము నిలుచును. అందుచే ఈ వార్షిక మహాసభా సంచికకు మేము బొంబాయి గిరణీవాడల వృత్తాంతమును విషయముగా గైకొంటిమి. అచ్చటి మగ్గపుసాలలలో తరతరములుగా చెమటోడ్చినవారిలో మన పద్మశాలీయులు అనేకులుండిరి. ఆ వాడలు నేడు కోటీశ్వరుల మేడలకు నెలవులైనవి. పేదల పేట ధనికుల పేటగా మారిన విధమెట్టిదో, దానినుండి మనము నేర్వదగినదేమో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగువారు బొంబాయి చేరుట

బొంబాయికి తెలుగువారు పోవుట నిన్న మొన్నటి మాట కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరి దినములలో, దీవుల నడుమనున్న పల్లపునేలలను పూడ్చి ఆంగ్లేయులు బాటలు వేయుచుండగా, నైజాము రాజ్యమునుండి కూలీలు, తాపీమేస్త్రీలు అచ్చటికి గుంపులుగా పోయిరి. వారిని ఆ నగరమువారు కామాఠీలు అని పిలిచిరి. వారు గుడిసెలు వేసికొనిన నేలయే కామాఠిపురము. ఆ పేట పేరు పిమ్మట వేఱు కారణములచే లోకమున అపకీర్తి పాలైనను, అది తెలుగు శ్రామికుల నివాసముగా వెలసినదను సంగతిని మనము మఱువరాదు. 1884లో శంకుస్థాపనమై 1893లో ముగిసిన బొంబాయి మునిసిపల్ సౌధమును నిర్మించిన కాంట్రాక్టరు వ్యంకూ బాలూ కాలేవార్ సయితము ఈ తెలుగు సమాజమునకు జెందినవాడే. నగరమునకు రాళ్లు మోసినవారిలో మనవారు మొదటినుండియు గలరు.

నేతవారు పోయిన దారి వేఱు. 1854లో కావస్‌జీ నానాభాయి దావర్ అను పారసీ వర్తకుడు బొంబాయిలో తొలి నూలుమిల్లును స్థాపించెను. 1856నుండి అది పనిచేయసాగెను. మిల్లుబట్టయు, సీమబట్టయు సంతలను నింపుకొలదిని మన పల్లెలలో చేమగ్గము సన్నగిల్లెను. 1871లో బొంబాయినుండి వచ్చు రైలుమార్గము రాయచూరు చేరెను. 1874లో వాడీనుండి హైదరాబాదునకు శాఖ వేయబడెను. అంతలో 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును మహాక్షామము పీడించెను. ఆ నడుమనే, 1877లో, సోలాపురమున తొలి మిల్లు వెలసెను. చేతి పనికి కఱవు వచ్చినప్పుడు చేరువలో రైలుబండియు, దూరమున కూలియు గనబడిన నేతవాడు ఏమి చేయును? కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి మనవారు కొందఱు సోలాపురమునకు, కొందఱు బొంబాయికి, తరువాతి కాలమున భివండికిని పోయి స్థిరపడిరి.

మిల్లును మరాఠీలో 'గిరణి' యందురు. మిల్లులు క్రిక్కిఱిసిన పరేలు, లాల్‌బాగు, వర్లీ, శివడీ, నయిగాము మున్నగు పేటల సముదాయమునకు గిరణ్‌గావ్, అనగా మిల్లుల యూరు, అని పేరు వచ్చెను. తెలంగాణపు పల్లెలలో పిండిమరను గిర్ని యనుటయు, సిరిసిల్లలో మరమగ్గమును సాంచ యనుటయు మనమెఱిగినవే. ఈ మాటలు మనవారి వలసబాటను నేటికిని జ్ఞాపకము చేయుచున్నవి.

ఒక్క గది సంసారము

గిరణ్‌గావ్‌లో కార్మికుని నివాసమునకు 'చాళ' యని పేరు. మూడు నాలుగంతస్తుల కట్టడము. ప్రతి యంతస్తునను పొడవైన వసారా. ఆ వసారావెంట వరుసగా ఒంటిగదులు. కుళాయియు, మరుగుదొడ్డియు అందఱికిని ఉమ్మడి. ఒక్క గదిలో ఒక సంసారము కాపురముండుట మేలుదశ. ఊరినుండి ఒంటరిగా వచ్చిన పురుషులు పదిమంది కలిసి ఒక గదిని పంచుకొనుటయు, పగటి పాళీవాడు లేచిన చాపపై రాత్రి పాళీవాడు పరుండుటయు గలదు. వీరికి అన్నము వండిపెట్టు పూటకూటి యిండ్లు స్త్రీల చేతిలో నుండెను. పల్లెనుండి కొత్తగా వచ్చినవానికి ముందు దొరకునది బంధువు గదిలో చాపెడు చోటు. ఆ చోటునుండియే మిల్లులో పని దొరకెడిది. కాబట్టి గది యనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. అది పనికి దారి, ఆపదకు హామీ, భాషకు బడి.

1896లో బొంబాయిని ప్లేగు మహామారి సోకెను. ఇఱుకు వాడలే దానికి మూలమని తలచి ప్రభుత్వమువారు 1898లో నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించిరి. ట్రస్టువారు వాడలను పడగొట్టి వెడల్పైన వీథులు వేసిరి. గాలియు వెలుతురును వచ్చెను. కాని తొలి సంవత్సరములలో వారు కట్టించిన గదులకంటె పడగొట్టిన గదులే యెక్కువ. ఇల్లు పోయినవారు ప్రక్క సందులలో దూరుటచే అచ్చట ఇఱుకు ఇంకను హెచ్చెను, అద్దెలును పెరిగెను. పేదవాని పేరిట మొదలిడిన సంస్కారము పేదవానిని వీథిని వేయుట ఆ నగరమున అదియే తొలిసారి. కడసారి మాత్రము కాదు.

1920లో గవర్నరు జార్జి లాయిడ్ కాలమున ప్రభుత్వమువారు అభివృద్ధిశాఖను నెలకొల్పి, వర్లీలో 121, నయిగామున 42, డిలైల్ రోడ్డున 32, శివడీలో 12, వెరసి 207 చాళలను సిమెంటు కాంక్రీటుతో కట్టించిరి. వీనినే బి.డి.డి. చాళ లందురు. ఒక్కొక్క చాళలో సుమారు 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. తొలుత అద్దె హెచ్చగుటచే అనేక గదులు చాలకాలము ఖాళీగా నుండెను. పిమ్మట అవియే కార్మికులకు కొంగుబంగారమయ్యెను.

గృహస్థునకు నిజముగా అండయైనది 1947నాటి అద్దె నియంత్రణ శాసనము. యుద్ధకాలమున ఆకాశమంటిన అద్దెలను అరికట్టి, 1940 సెప్టెంబరునాటి అద్దెనే ప్రమాణముగా నిలిపిన శాసన మిది. దీనిచే అద్దెకున్నవానిని ఊరక వెడలగొట్టుట యజమానులకు దుస్సాధ్యమయ్యెను. ఎదుటి పక్షపు మాటను గూడ చెప్పుట న్యాయము. అద్దె కదలకుండుటచే యజమానులు మరమ్మతు మానిరి. గోడలు బీటలు వాఱెను. రసీదు లేకుండ పెద్దమొత్తము చేతులు మారు 'పగడీ' యను నాచారము బలపడెను. శిథిలగృహములు కూలి ప్రాణహాని కలుగుటచే 1969లో మరమ్మతుల బోర్డునకై శాసనము చేయవలసివచ్చెను. ఆ శాసనము క్రిందికి వచ్చిన పాతయిండ్లు 19 వేలకు మించెను. లోపము లెన్ని యున్నను, ఆ యద్దె శాసనమే లేకున్నచో గిరణీవాడలు రెండు తరములకు ముందే చెదరిపోయి యుండెడివి.

బట్టకంటె నేల ప్రియమగుట

1982 జనవరి 18వ తేదీన డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లులలో మహాసమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని మానిరి. సమ్మె ఏడాదికి పైగా సాగి, లాంఛనముగా ముగింపబడకయే చల్లారెను. అనేకులకు తిరిగి పని దొరకలేదు. కొందఱు ఊరికి మరలిరి. కొందఱు భివండి మరమగ్గములను ఆశ్రయించిరి. మన సిరిసిల్లకు భివండినుండి మరలివచ్చి సాంచలపై కూర్చున్నవారిలో ఆ కాలపువారు గలరు.

సమ్మె మిల్లును కుంటుపఱచినది నిజము. కాని మిల్లును మరల లేవకుండ జేసినది దాని క్రింది నేల వెల. నగరము నడిబొడ్డున మిల్లుల క్రింద సుమారు 600 ఎకరముల భూమి యుండెను. ఆ నేలయందు బట్ట నేయించుటకంటె మేడ కట్టించుట పెక్కురెట్లు లాభమని తెలిసిన పిమ్మట, మగ్గమును నడుపుటకు యజమానికి కారణ మేమి మిగులును?

1991లో ప్రభుత్వమువారు ఒక నియమము చేసిరి. మిల్లుభూమిని అమ్మునప్పుడు లేక మార్చునప్పుడు, దానిని ఇంచుమించు మూడు పాళ్లుగా విభజించి, ఒకటి ఉద్యానవనములకై మునిసిపాలిటీకిని, ఒకటి సామాన్యుల గృహములకై మ్హాడా యను ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకును ఇచ్చి, మిగిలినది యజమాని అనుభవింపవచ్చును. ఇది మంచి నియమము. కార్మికుల కాయకష్టముచేతను, నగరప్రజల పన్నులచేతను పెరిగిన వెలలో ప్రజకును పాలు గలదని అది ఒప్పుకొనెను. కాని 2001లో దానిని సవరించి, కట్టడములు లేని ఖాళీనేలను మాత్రమే పంచవలెనని మార్చిరి. మిల్లులలో ఖాళీనేల యెంత? నేలనెల్ల షెడ్డులే యాక్రమించి యుండెను. ఒక్క మాట మార్పుచే ప్రజల రెండు పాళ్లును మిక్కిలి కుంచించుకొనిపోయెను. దీనిపై వ్యాజ్యము జరిగి, 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ప్రజలపక్షమున తీర్పు చెప్పెను. 2006 మార్చి 7వ తేదీన సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసి సవరణను నిలిపెను. 2005లోనే జాతీయ వస్త్ర సంస్థకు జెందిన ఐదు మిల్లుల భూములు రెండువేల కోట్ల రూపాయలకు మించిన ధరకు అమ్ముడుపోయెను.

ఆ నేలపై నలుబది, ఏబదంతస్తుల సౌధములును, అంగడిసముదాయములును, కచేరీలును లేచెను. మేడ ఒక్కటియే లేచిన చింత లేదు. మేడతోబాటు ప్రక్కసందుల వెలయును లేచును. పగడీ గదిగల వృద్ధునకు ఎన్నడును కనని మొత్తము చూపబడును. కుమార్తె పెండ్లికో, కుమారుని చదువునకో అతడు దానిని గైకొని ఠాణా, కల్యాణము, విరారు దిక్కునకు పోవును. పూటకూటి యిల్లు మూతబడును. అప్పులిచ్చు కిరాణాకొట్టు పోవును. పిల్లలు తగ్గుటచే దేశభాషల బడులును సన్నగిల్లును. బలవంతముగా వెడలగొట్టినవాడు ఒక్కడును లేకయే పేట పేటంతయు మారిపోవును. అందఱును తమ యిష్టముననే పోయిరని కాగితములు చెప్పును. ఉండుటకు వలను లేదను సంగతి ఆ కాగితములలో నుండదు.

కార్మికులు చిరకాలము పోరాడిన ఫలముగా కొన్ని యిండ్లు వారికి దక్కెను. 1982 జనవరి 1వ తేదీననో, ఆ తరువాతనో మిల్లు పట్టీలో పేరున్న కార్మికులకును, వారి వారసులకును చీట్లువేసి ఇండ్లిచ్చు పద్ధతి యేర్పడెను. 2012 జూనులో 6,925 ఇండ్లకు చీట్లు తీయబడెను. ఒక్కొక్క యిల్లు 225 చదరపుటడుగులు, వెల ఏడున్నర లక్షలు. 2016లో మిల్లుభూములందు 2,634, నగరమునకు దూరమున పన్వేలు చెంత 2,417, 2020లో 3,894 ఇండ్లు వచ్చెను. వెరసి 15,870. దరఖాస్తులో, లక్షన్నరకు మించెను. అనగా సుమారు పదిమందిలో ఒకనికి ఇల్లు, తొమ్మిదిమందికి నిరీక్షణ. మిగిలినవారికి కర్జత్ రైలుమార్గమున శేలు, వాంగణి అను దూరగ్రామములలో ఇండ్లు చూపగా, 2025 జూలైలో కార్మికులును, వారి వారసులును ఆజాదు మైదానమున గుమిగూడి, తాము పనిచేసిన నగరమునందే తమకు చోటు గావలెనని కోరిరి. 1982లో ముప్పదేండ్లవాడు నేడు డెబ్బది దాటినవాడు. చీటి వచ్చునప్పటికి మనిషి యుండవలెను గదా!

బి.డి.డి. చాళల కథ కొంత మేలు. 2017లో వాని పునర్నిర్మాణము మొదలయ్యెను. పాతగది 160 అడుగులకు మాఱుగా 500 చదరపుటడుగుల యిల్లు ఉచితముగా నిచ్చు నేర్పాటుపై, 2025 ఆగస్టులో వర్లీయందు 556 కుటుంబములకు తాళములు ఇయ్యబడెను. అచ్చటినుండి అచ్చటికే చేరిన కుటుంబము లివి. ఎత్తైన మేడలో ఎక్కుడుయంత్రమునకు, నీటికి, కాపలాకు నెలనెల చెల్లింపవలసిన సొమ్ము పూర్వపు అద్దెకు ఎన్నియో రెట్లగును. కాబట్టి ఇల్లు ఉచితమైనను, ఇంట నుండుట ఉచితము కాదు. దానిని మోయగల్గిననే ఆ మేలు నిలుచును.

సోలాపురపు దృష్టాంతము

ఇదంతయు చదివి కొందఱు, నగరమున పేదలకు ఇల్లు కలలోని మాట యనవచ్చును. వారికి మేము సోలాపురమును చూపుచున్నాము. అచ్చటను మిల్లులు మూతబడెను. పురుషులు మరమగ్గములకును, స్త్రీలు బీడీలు చుట్టుటకును దిగిరి. ఆ బీడీ స్త్రీలలో తెలుగువారు, ముఖ్యముగా మన కులపు ఆడుబిడ్డలు, అనేకులు గలరు. అద్దెగదిలో బీడీలు చుట్టుకొను ఆ తల్లులను, తెలుగు కుటుంబమున బుట్టి పలుమార్లు శాసనసభ్యుడైన కార్మికనాయకుడు నరసయ్య ఆడం సంఘటితపఱచెను. వారు సహకారసంఘముగా నేర్పడి, నగరము చెంత కుంభారి గ్రామమున నేల సంపాదించి, తమ వంతు సొమ్ము తాము కూడబెట్టి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములచే వారి వంతు పెట్టించిరి. గోదూతాయి పరుళేకర్ పేర వెలసిన ఆ కాలనీలో పదివేల యిండ్లు 2006లో స్త్రీలకు అందెను. పిదప అచ్చటనే 30 వేల యిండ్ల రాయ్‌నగరు యోజన మొదలై, 2024 జనవరి 19వ తేదీన ప్రధానమంత్రి చేతులమీదుగా 15 వేల యిండ్లు కార్మికులకు ఇయ్యబడెను.

బొంబాయి మిల్లుకార్మికునకును, సోలాపురపు బీడీ స్త్రీకిని భేద మెక్కడ? కూలిలో ఆమెయే తక్కువది. చదువులో హెచ్చు లేదు. బొంబాయి నేల వెలతో సోలాపురపు నేల వెలను పోల్చరాదనుట నిజమే. అయినను ముఖ్యమైన భేదము వేఱొకటి గలదు. ఆమె సంఘము నేలను ముందుగా చేతబట్టెను. వీరు అన్యుని నేలపై పెరిగిన వెలలో పాలు అడుగుచు నిలిచిరి. నేల చేతనున్నవాడు ఇంటిని గట్టుకొనును. నేల లేనివాడు చీటికై కనిపెట్టుకొని యుండును. ఈ చరిత్రయంతటి సారము ఈ ఒక్క మాటలో నున్నదని మా యభిప్రాయము.

మన కర్తవ్యము

పాతచాళ స్వర్గమని మేము చెప్పుట లేదు. ఉమ్మడి మరుగుదొడ్డికై తెల్లవారుజామున వరుసలో నిలిచిన తల్లి కష్టము నెఱిగినవారెవ్వరును దానిని పొగడరు. మార్పు రావలసినదే. ఆ మార్పులో పూర్వమునుండి యున్నవానికి చోటుండునా లేదా యనునదియే ప్రశ్న. ఈ ప్రశ్న బొంబాయితో తీరునది గాదు. 1934లో స్థాపింపబడి వరంగల్లునకు పేరు దెచ్చిన ఆజంజాహీ మిల్లు మూతబడి, దాని నేలయు ఇండ్లస్థలములుగా మారినది. హైదరాబాదునందును నేల వెల పెరుగుకొలది పాతబస్తీల కూలీకుటుంబములు ఊరి వెలుపలికి జరుగుచున్నవి. కాబట్టి మూడు విషయములను సభవారి యెదుట విన్నవించుకొనుచున్నాము.

మొదటిది, కాగితములు. చీటి వచ్చియు, మిల్లు గుర్తుచీటియో, జీతపు పత్రమో, భవిష్యనిధి లెక్కయో, వారసత్వపత్రమో దొరకక ఇల్లు పోగొట్టుకొను ప్రమాదము ప్రతి కుటుంబమునకును గలదు. తాతగారి పెట్టెలోని చిరిగిన రసీదు నేడు లక్షల విలువగల యాస్తి. ప్రతి యూరి సంఘమువారును అట్టి పత్రములకు నకళ్లు తీసి, ఒక పట్టిక వ్రాసి భద్రపఱచవలెను.

రెండవది, ఐకమత్యము. పునర్నిర్మాణపు ఒడంబడికపై ఒక్కొక్కడు వేఱువేఱుగా చేవ్రాలు చేసిన, ఒక్కొక్కని వెల వేఱువేఱుగా తగ్గును. చాళ చాళయంతయు సహకారసంఘముగా నేర్పడి, న్యాయవాదిని గూర్చుకొని, ఎన్నియడుగుల యిల్లు, ఎన్ని సంవత్సరములలో, నడుమకాలమున అద్దె ఎవ్వరిది, తరువాత నెలవారీ వ్యయమునకు మూలధనమెంత అను నాలుగు విషయములు వ్రాతపూర్వకముగా తేల్చుకొనిన పిమ్మటనే ఇల్లు ఖాళీ చేయవలెను.

మూడవది, మా పోషకులగు శ్రీమంతులకు మనవి. పూర్వులు నగరముల నడుమ కొని కులమునకు ఒసగిన సత్రములు, విద్యార్థివసతులు, భవనములు అనేకచోట్ల గలవు. వాని నేలకు నేడు ఊహింపని వెల వచ్చినది. వెలతోబాటు అమ్మివేయు ఆశయును వచ్చును. వెల వచ్చినదని తల్లిని అమ్ముకొందుమా? ఆ నేలలయందే, చదువుకొను బాలురకును, వైద్యమునకై వచ్చు పేదలకును, ముదుసలి కార్మికులకును స్వల్పపుటద్దెకు గదులు కట్టింపుడు. గృహనిర్మాణ వ్యాపారమున వృద్ధిలోనికి వచ్చిన మనవారు తాము కట్టు మేడలలో కొన్ని చిన్న యిండ్లను సామాన్యులకు అందు వెలకు విడువుడు. మగ్గము చప్పుడు వినుచు పెరిగినవారికి మేము వేఱుగా చెప్పనక్కఱ లేదు: పడుగు ఒక్కటియే యున్న బట్ట కాదు, పేక ఒక్కటియే యున్నను బట్ట కాదు. కలవారును లేనివారును ఒక్క పేట నుండగలిగిననే అది ఊరనిపించుకొనును.

మన పూర్వులు ఒంటిగదులలో నుండి నగరమునకు బట్ట గట్టిరి. ఆ నగరమున వారి మనుమలకు నీడ దక్కించుట ఈ మహాసభవారి చేతులలో గొంతయైనను గలదని నమ్మి, మా విన్నపమును సభాసదుల యెదుట నుంచుచున్నాము.